ప్రజల మేఘము

భూమి గలవాని హక్కు ఒకప్పుడు పట్వారి దఫ్తరమున నుండెను. నేడది కంప్యూటరు యంత్రముల సముదాయమున నున్నది. ఆ సముదాయమునకు నేటి వాడుకలో క్లౌడు, అనగా మేఘము, అని పేరు. వర్షాభావముచే తరచు బాధపడు జనగామ సీమలో, బచ్చన్నపేట వంటి మండలములలో, మేఘమను మాట చెవిని బడినచో రైతు తలయెత్తి చూచుట సహజము. కాని యీ క్రొత్త మేఘమును గూర్చి మనమింకను తలయెత్తి చూడలేదు. అది యెవరిది? దాని తాళపుచెవి యెవరి మొలలో నున్నది? వేలకొలది జనము ఒక్కమారుగా వచ్చి నిలిచిన దినమున అది కురియునా, మొగము చాటుచేయునా? ఈ ప్రశ్నలు ఇంజనీర్లకే విడిచిపెట్టదగినవి కావు.

దఫ్తరమెవరి చేతిలో నుండునో భూమియు వారి చేతిలోనే యుండునని జనగామ ప్రాంతీయులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1946 జులై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పోరాటమునకు వెట్టిచాకిరి, అక్రమపు వసూళ్లు ఎట్లు కారణములో, కాగితములను తారుమారు చేసి సాగించిన భూముల అపహరణమును అట్లే కారణము. 1984లో పట్వారి పదవులు రద్దయ్యెను. 2020లో గ్రామ రెవిన్యూ అధికారుల పదవులును రద్దయి, అక్టోబరు 29న ధరణి ప్రారంభమయ్యెను. వ్యవసాయభూముల రిజిస్ట్రేషను తహశీలుదారు కచేరికి వచ్చెను. 2024 చివర ధరణి నిర్వహణము ప్రైవేటు సంస్థ చేతినుండి కేంద్రప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరునకు మారెను. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చెను. సాదాబైనామాలను గూర్చియు, నిషేధిత జాబితాను గూర్చియు శాసనసభలోను పత్రికలలోను వాదములు మిక్కుటముగ జరిగినవి. యంత్రమును గూర్చిన వాదము మాత్రము అరుదు. కాని సర్వరు పలుకని దినమున చట్టమెంత మంచిదైనను కచేరి వాకిట నిలిచిన రైతునకు ఫలమేమి?

మేఘమనునది నింగిలోని వింత కాదు. వేలకొలది యంత్రములను ఒక్కచోట చేర్చి, ఎవరికెంత గణనశక్తి కావలయునో అంత కొలిచి యిచ్చు ఏర్పాటే యది. ఒక శాఖకు పని తగ్గినచో ఆ శక్తి మరియొక శాఖకు మరలును. ప్రజోపయోగమునకు ఇట్టి యేర్పాటు తప్పనిసరి. ఏలయన ప్రజల రాక యెన్నడును సమముగ నుండదు. 2021 ఏప్రిల్ 28న పదునెనిమిదేండ్లు నిండిన వారందరికి టీకా నమోదు ఆరంభమైన సాయంకాలమున కోవిన్ ద్వారము కొంతసేపు మొరాయించెను. అయినను ఆ దినము ముగియులోగా కోటి ముప్పది లక్షలమందికి పైగా నమోదైరి. ప్రజల కొరకు కట్టునది సగటు దినమునకు సరిపడునట్లు కాక, తాకిడి దినమునకు తాళునట్లు కట్టవలయునని దీనివలన తేలుచున్నది.

ఈ శక్తిని అమ్మువారు లేకపోలేదు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదున తన క్లౌడు కేంద్రములను తెరచెను. విశాఖపట్టణమున పదునైదు వందల కోట్ల డాలర్లతో కేంద్రమును నెలకొల్పుదుమని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించెను. ఇవి రాకూడదని మేమనము. వానివలన పనులు గలుగును, విద్య వ్యాపించును. కాని భూమి మనది, నీరు మనది, విద్యుత్తు మనది, పనిచేయు బుద్ధియు చాలవరకు మనవారిదే. తాళపుచెవి మాత్రము మనది కాదు. మైక్రోసాఫ్టు అధిపతి హైదరాబాదున పుట్టినవాడే. అయినను 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధింపగనే, గుజరాతులోని వాడినార్ చమురుశుద్ధి కర్మాగారమును నడుపు నయారా ఎనర్జీ సంస్థకు ఆ కంపెనీ తన సేవలను నిలిపివేసెను. నయారా ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన పిదప కొలది దినములలో సేవలు మరల వచ్చెను. మన దేశపు చట్టము నతిక్రమించినందున కలిగిన శిక్ష కాదది. పరదేశముల తీర్మానము మన గడ్డపై అమలు జరిగిన విధము. నేడొక చమురు కంపెనీకి జరిగినది రేపొక రాష్ట్రపు భూముల లెక్కకు జరుగదని పూచీపడువారెవరు?

రాజకీయము నటుంచి వ్యాపారమునే చూతము. యంత్రములను పంచి వాడుకొనుటకు లోకమంతట పేరుపొందిన వీఎంవేర్ సంస్థను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొనెను. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకము మానివేసి, చందా పద్ధతినే మిగిల్చెను. ఇల్లు కొందమని వచ్చిన వారికి ఇక అద్దెయే గతి యైనది. ఆ సాఫ్ట్‌వేరుపై తమ కచేరీల నన్నిటిని కట్టుకొన్నవారికి వెడలు దారి సులభము కాదు.

దీనికి మారుగా ఓపెన్ సోర్స్ మార్గమొకటి గలదు. అందు సాఫ్ట్‌వేరు యొక్క కోడు బహిరంగముగ నుండును. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, తమ యంత్రములపై నడుపవచ్చును. 2010లో అమెరికా అంతరిక్షసంస్థయగు నాసాయు, రాక్‌స్పేస్ అను కంపెనీయు కలసి ఆరంభించిన ఓపెన్‌స్టాక్ అట్టిది. జెనీవా చెంత పరమాణు పరిశోధనలు చేయు సెర్న్ సంస్థ 2013 నుండి దానిపైననే తన గణనకార్యమును నడుపుచున్నది. మన దేశమునను ప్రయత్నము లేకపోలేదు. 2014 ఫిబ్రవరిలో మేఘరాజ్ అను పేర ప్రభుత్వ క్లౌడు ప్రారంభమయ్యెను. 2015లో కేంద్రప్రభుత్వము తన కార్యములయందు ఓపెన్ సోర్స్‌కే ముందు చోటీయవలెనని విధానమును ప్రకటించెను. సీడాక్ సంస్థ మేఘదూత్ అను ఓపెన్ సోర్స్ క్లౌడు సాధనమును సిద్ధము చేసెను. పేర్లు శ్రావ్యములే. ప్రశ్న యేమన, పరిశోధనశాలలో నిలిచినది కోట్లమంది తాకిడికి నిలుచునట్లు ఎదుగుటెట్లు?

ఈ యెదుగుదల రహస్యము మన పూర్వులకు క్రొత్త కాదు. కాకతీయులు ఒక్క మహాసముద్రమును త్రవ్వి యూరకుండలేదు. గొలుసుకట్టు చెరువులను కట్టించిరి. ఎగువ చెరువు మత్తడి దూకినచో దిగువ చెరువు నిండును. ఒక కట్ట తెగినను సీమయంతయు ఎండదు. నేటి ఇంజనీర్లును ఒక్క మహాయంత్రమును కొనుట మాని, సామాన్యములగు యంత్రములను వందలకొలది వరుసకట్టి, భారము పెరిగిన కొలది మరికొన్నిటిని చేర్చుచున్నారు.

కాని భూముల లెక్కకు ఈ పోలిక కొంతవరకే చెల్లును. పహాణీని చూచుకొనుటకు వచ్చిన లక్షమందికి లక్ష ప్రతులనుండి చూపవచ్చును. అమ్మకము నమోదు చేయుట అట్లు కాదు. ఒకే సర్వే నంబరు ఒకే క్షణమున ఇద్దరి పేర నెక్కరాదు. కావున ఆ వ్రాత ఒక్క వరుసలో, ఒక్కదాని పిదప నొక్కటిగ జరుగవలసినదే. చూచువారి త్రోవను, వ్రాయువారి త్రోవను వేరు చేయని కట్టడము ఎన్ని యంత్రములు తెచ్చినను తాకిడి దినమున చతికిలబడును. ధనమున్నంత మాత్రమున తీరునది కాదిది, ముందుచూపు కావలయును.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. ఓపెన్ సోర్స్ కోడు ఉచితముగ వచ్చును. దానిని కాచు మనిషి ఉచితముగ రాడు. నీరటికాడు లేని చెరువు కొలది యేండ్లలో పూడిపోవును. అట్లు పూడిన చెరువులను త్రవ్వించుటకే 2015లో మిషన్ కాకతీయ అవసరమయ్యెను గదా! ఓపెన్‌స్టాక్‌కు పురుడుపోసిన నాసాయే 2012లో దాని నిర్మాణమునుండి తప్పుకొని, తన పనులు కొన్నింటిని అమెజాన్‌కు అప్పగించెను. కోడు చెడ్డదై కాదు. దానిని పోషించు భారము తన ముఖ్యకార్యము కాదని తలచినందున. సెర్న్ నిలిచినది, స్వంత ఇంజనీర్లను నిలుపుకొనినందున. టెండరు పిలిచి, ప్రారంభోత్సవము చేసి, శిలాఫలకము నాటి, పోషణను మరచు అలవాటు మనకున్నంత కాలము ఓపెన్ సోర్స్ మనకు మేలుచేయజాలదు.

సర్కారు చేతిలో నున్నంత మాత్రమున క్షేమమనియు మేము చెప్పము. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ డేటా కేంద్రమునకు నిప్పంటుకొని 709 సేవలు నిలిచిపోయెను. ఉద్యోగులు తమ పత్రములను దాచుకొను భాండారమునకు వేరొకచోట ప్రతి లేనందున 858 టెరాబైట్ల సమాచారము బూడిదయ్యెను. సాంకేతికమున మనకంటె ముందున్న దేశమునకే యిట్టిది సంభవించెను. ఒక్కచోట కుప్పవోసినది, యజమాని యెవడైనను, ఒక్క నిప్పురవ్వకు లోబడినదే.

కావున మేము కోరునవి నాలుగు. ప్రజల హక్కులతో ముడిపడిన ప్రతి సాఫ్ట్‌వేరు ఒప్పందమునందును కోడు, సమాచారము ప్రభుత్వమునకే చెందునట్లును, కాంట్రాక్టరు మారిన దినమున మరియొకచోటికి తరలించు దారి ముందే వ్రాయబడునట్లును చూడవలయును. నడుపుటకును దిద్దుటకును స్థిరమగు ఇంజనీర్ల బలగమును నియమింపవలయును. హైదరాబాదు, పుణె, ఢిల్లీ, భువనేశ్వరములందు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరుకు కేంద్రములు గలవు. భూముల లెక్కకు రెండవ ప్రతిని దూరపు ఊర నుంచుటయే గాక, ఆ ప్రతినుండి సేవలను మరల నిలబెట్టు పరీక్షను ఏటేట చేసి ఫలితమును ప్రకటింపవలయును. తుదకు, ఏ మండలపు కచేరిలో ఏ దినమున ఎన్ని గంటలు సర్వరు నిలిచెనో ఆ లెక్క ప్రజలయెదుట నుంచవలయును. తాకిడి మిక్కిలియైన దినములకు ప్రైవేటు మేఘమును అద్దెకు తెచ్చుకొన్నను తప్పులేదు. విడిచిరాగల స్వేచ్ఛ యున్నంతవరకు అద్దె దాస్యము కాదు.

ఇవి ఖర్చుతో గూడినవే. కాని రెండు తెలుగు రాష్ట్రములు ఒకే కోడును పంచుకొన్నచో ఒకరు దిద్దిన తప్పు ఇద్దరికిని దిద్దబడును, ఒకరి వ్యయము ఇద్దరికిని ఫలించును. నదీజలములలో వాటాలకై పోరుచున్న మనకు, పంచుకొన్నకొలది పెరుగు ఈ సంపద విషయమున పోరుటకు కారణమే లేదు.

భూమిగలవారును పట్టణవాసులును ఈ సంగతిని తమ శాసనసభ్యుల నడుగవలయును. పట్వారి దఫ్తరము తెరచి చూపుమని యడుగుటకు మన తాతలకు తరములు పట్టెను. కొందరికి ప్రాణములే పోయెను. ఈ క్రొత్త దఫ్తరమును గూర్చి యడుగుటకు మనకు ధైర్యము కంటె శ్రద్ధయే కావలసియున్నది.