పగడాలకు జ్వరం

మన నెల్లూరు తీరమున పగడపు దిబ్బలు లేవు. పెన్న వంటి నదులు తెచ్చే ఒండ్రు, వరద నీరు వాటికి సరిపడవు. మన దేశములో అవి ముఖ్యముగా అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్, కచ్ సింధుశాఖలలో ఉన్నాయి. అయినా వాటికి రాబోయే ఆపదను ముందుగా చెప్పే పని హైదరాబాదులో జరుగుచున్నది. జువ్వలదిన్నె, మైపాడు పడవలవారికి చేపల జాడ చెప్పే ఇన్‌కాయిస్ కేంద్రమే ఆ హెచ్చరికలూ ఇస్తుంది.

పగడము రాయి కాదు, చిన్న జీవుల గూడు. ఆ జీవి ఒంటిలో కంటికి ఆనని నాచు కాపురముంటుంది. ఎండ వెలుగుతో ఆహారము చేసి పెట్టేదీ, రంగునిచ్చేదీ అదే. నీరు వేడెక్కితే ఆ కాపురము చెడి, నాచు బయటికి పోతుంది. లోపలి తెల్లని సున్నపు గూడు కనబడుతుంది. త్వరగా చల్లబడితే పగడము కోలుకోవచ్చు.

బిడ్డకు జ్వరమొస్తే ఎంత ఉన్నది, ఎన్నాళ్లుగా ఉన్నది అని రెండూ అడుగుతాము కదా! ఉపగ్రహముల లెక్కా అంతే. అక్కడ మామూలుగా అతి వెచ్చగా ఉండే నెలకంటె నీరు ఒక డిగ్రీ ఎక్కువై నాలుగు వారాలు నిలిస్తే తెల్లబడుట మొదలు కావచ్చు. ఎనిమిది వారాలైతే చావులు. లక్షద్వీపులు 1998, 2010, 2016, 2024లలో ఈ దెబ్బ తిన్నాయి.

ఆ తరువాత అక్కడ ఎవరు మిగులుతారన్నది కష్టమైన ప్రశ్న. కొమ్మల పగడాలు సాధారణముగా ముందు పోతాయి, గుండ్రాళ్లవంటివి ఓర్చుకుంటాయి. ఖాళీ చోటును నాచు ఆక్రమిస్తుంది. దానిని మేసే చిలుక చేపలుంటే పగడపు పిల్లలకు చోటు దొరుకుతుంది. వాటినీ వలవేసి పట్టేస్తే దొరకదు. ఇది పైనుండి చూస్తే తెలియదు. ఏటేటా నీటిలో దిగి లెక్కపెట్టవలసినదే.

ఇట్టి లెక్క మన పులికాటుకూ కావాలని మా అభిప్రాయము. (సూళ్లూరుపేట, తడ 2022లో తిరుపతి జిల్లాలో చేరినా సరస్సు మనదే.) ఇసుక మేటవేసి సముద్రపు ముఖద్వారము పూడితే వేసవిలో ఉప్పు పెరుగుతుంది, వానలకు తగ్గుతుంది, దానినిబట్టి రొయ్యలు, చేపలు మారుతాయి. ఏ నెలలో ఏది ఎంత పడింది, ముఖద్వారము తెరిచి ఉన్నదా, మూసి ఉన్నదా అని తేదీ వేసి రాసుకోవచ్చును. పెద్దలు చెబుతుంటే బడిపిల్లలు ఒక నోటుపుస్తకములో రాయగలరు.