జొన్న చేను ఒంటరిదైతే గిజిగాడేం చేస్తాడు?

నాలుగు వానలు పడితే చాలు, మెదక్ చుట్టుపక్కల తాటిచెట్ల మీద గిజిగాళ్ల గోల మొదలవుతుంది. మిగతా కాలమంతా ఊరపిచ్చుక లెక్క మట్టిరంగులో తిరిగే మగపిట్టకు వానాకాలంలో తలమీద, రొమ్ముమీద పసుపు పూసినట్టు రంగు వస్తుంది. ముఖం మాత్రం నల్లగా ఉంటుంది. ఆడపిట్టకు ఈ సోకు లేదు.

గూడు మొదలుపెట్టేది మగపిట్టే. వరి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఎగురుతూనే పీచును నిలువునా చీల్చుకుపోతుంది. తాటాకైనా ఈతాకైనా అంతే. ఒక్క గూటికి ఐదు వందల సార్ల దాకా తిరగాలి. సగం అల్లి, టోపీలా ఉన్నప్పుడు ఆపి, రెక్కలు కొడుతూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగం, కింది గొట్టం అల్లుతుంది. ఆమె గుడ్ల మీద కూర్చోగానే మగడు పక్క కొమ్మకు ఇంకో గూడు మొదలుపెడతాడు! ఈ సంసారాన్ని సలీం అలీ 1930లో బొంబాయి దగ్గరి కిహీంలో ఓపికగా చూసి రాశారు. ఆ తర్వాత 1931-32లో మన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసిందీ ఆయనే. గూటిలో అంటించే మట్టిముద్దకు మిణుగురును తగిలించి దీపం పెట్టుకుంటుందని మన పెద్దలు చెప్పేవారు. అది కథే, కానీ మట్టి పెట్టడం నిజం.

ఇంత పనిమంతుడి మీద మనకు కోపం ఎందుకు? గింజ తింటుంది కనుక. జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు గుంపుగా వాలితే చేను గుల్లవుతుంది. వరినీ వదలదు. ఆ నష్టం లేదని మేము అనడం లేదు. కానీ ఒకప్పుడు ఊరంతా జొన్న వేసేది. పిట్టలు పది చేన్లకు పంచుకునేవి, ప్రతి చేనులో మంచె, వడిసెల ఉండేవి. ఇప్పుడు ఘనపురం ఆనకట్ట కింద, బోర్ల కింద ఎటు చూసినా వరి. దాని నడుమ ఒక్క రైతు అరెకరం జొన్న వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ అరెకరానికే వస్తాయి. మరుసటి ఏడు ఆ రైతూ మానేస్తాడు. పిట్టల పేరు చెప్పి జొన్నను పోగొట్టుకున్నాం. అసలు జొన్న తగ్గిందనే పిట్టల నష్టం ఇంత పెద్దదైంది.

ఇంకో సంగతి. పెద్ద పిట్టలు గింజ తిన్నా, పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులే: మిడతలు, గొంగళి పురుగులు. గూళ్లు నిండుగా ఉండేది మన వరికి పురుగు పట్టే నెలల్లోనే. 1958లో చైనా పిచ్చుకల మీద యుద్ధం ప్రకటించి కోట్లలో చంపింది. పురుగు పెరిగిపోయాక 1960లో పిచ్చుకను శత్రువుల జాబితా నుంచి తీసేసింది.

మేము కోరేది ఇంతే. బాయి గడ్డన నీళ్ల మీదికి వంగిన తుమ్మ, పొలం గట్టున తాడి, ఈత గిజిగానికి ఇష్టమైన చోట్లు. గూళ్లున్న చెట్టును వానాకాలం పోయేదాకా కొట్టొద్దు. తాడి పోతే గౌడన్న బతుకూ పోతుంది. గుళికల మందును గట్ల మీద ఒలకబోయొద్దు. కార్బోఫ్యూరాన్ గుళిక ఒక్కటి మింగినా పిట్ట చస్తుంది. అమెరికా ఆ గుళికల వాడకాన్ని చాలావరకు 1990లలోనే ఆపేసింది. విషం కలిపిన గింజలు చల్లడం, గిజిగాళ్లను పట్టి అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఇక సర్కారును అడగాల్సింది. 2025-26 వానాకాలానికి సాధారణ వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699 రూపాయలు మద్దతు ధర ప్రకటించారు. వడ్లకు ఊరూరా కాంటా పెడుతున్నట్టే జొన్నకూ పెట్టాలి. అప్పుడు ఒక్కరు కాదు, పదిమంది కలిసి ఒకే చెలకలో, ఒకే వారంలో విత్తుతారు. కంకులు ఒకేసారి పాలు పోసుకుంటే పిట్టలు తినేది తలా కొంచెమే. కాపలా మనిషిని పదిమంది కలిసి పెట్టుకోవచ్చు. వచ్చే వానాకాలానికి ముందే ఈ మాట గ్రామ కమిటీల్లో పెట్టి, జొన్న వేసేవాళ్ల పేర్లు రాసి పంపండి.