కళ్ళములోని శనగ కంచములోనికి రావలెను



మాఘమాసము వచ్చుసరికి మన నల్లరేగడి పొలములలో శనగ కోతలు ముగిసి కళ్ళములు సందడిగా నుండును. నూర్పిడి అయిన వెంటనే బస్తాలు కుట్టుట, కాటా వేయుట, లారీకి ఎత్తుట ఒకటి రెండు దినములలోనే జరిగిపోవును. ఇందులో తప్పేమియు లేదు. అప్పులు తీర్చవలెను, పిల్లల చదువులకు కట్టవలెను. అమ్ముకొనుటకే పండించుచున్నాము. అయితే అమ్మిన బస్తాలలో ఒక్కటియైనను ఇంటికి మిగిలినదా? ఈ ప్రశ్ననే నేడు మీ ముందుంచుచున్నాను.

గత శ్రావణమాసములో నేనొక గ్రామమునకు పోయితిని. ఆరు ఎకరములలో శనగ వేసి నలుబది క్వింటాళ్ళు పండించిన రైతు ఇంటి అరుగుపై కూర్చొని మాటలాడుచుంటిమి. వరలక్ష్మీ వ్రతము దగ్గర పడినది. వాయనమునకు నానబోయుటకై ఆ ఇంటి ఇల్లాలు కుమారుని అంగడికి పంపి రెండు కిలోల శనగలు తెప్పించినది. చేటలో పోసి చూడగా చాలావరకు పుచ్చు గింజలే. రైతు నవ్వి, "ఏం జేస్తాం సార్, బేరగాడు వచ్చినాడు, అన్నీ ఒకేసారి కాటాకు పెట్టేస్తిమి" అన్నాడు. నాకును నవ్వు వచ్చినది. ఆ వెంటనే సిగ్గు వేసినది. ఆ రైతునకు విత్తనము, ఎరువు, పురుగుమందు గూర్చి ఐదేండ్లుగా చెప్పుచున్నవాడను నేనే. ఇంటికి ఎన్ని ఉంచుకొన్నావని ఒక్కనాడైనను అడిగి యుండలేదు.

పొలములో సాధించినాము

శనగ సాగులో మన ప్రాంతము తక్కువ తినలేదు. 1999లో విడుదలైన జె.జి. 11 రకము తక్కువ కాలములో పంటకు వచ్చుటచే, మంచు తేమతోను, నేలలో నిలిచిన పదునుతోను గింజ కట్టి కర్నూలు, ప్రకాశము, అనంతపురము, కడప ప్రాంతముల రేగడులలో విస్తారముగా వ్యాపించినది. ఆ రకమును రూపొందించుటలో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థకును భాగము కలదు. నంద్యాల పరిశోధనా స్థానమువారు నిటారుగా పెరిగి యంత్రముతో కోయుటకు అనువైన ఎన్.బి.ఇ.జి. 47 రకమును కూడ మనకు అందించిరి. ఇంత పని పొలములో జరిగినది. వంటింటిలో మాత్రము శనగ అనగా పండుగనాటి బొబ్బట్టు, సాయంకాలపు బజ్జీ, పకోడీ అనియే మిగిలిపోయినది. పెరటి చెట్టు మందుకు పనికి రాదన్న సామెత ఊరకనే పుట్టలేదు.

కంచములో లోపమేమి?

మన భోజనములో తెల్లని మర బియ్యపు అన్నము ఎక్కువ, పప్పు తక్కువ. పలుచని చారుతో గడిపివేయు ఇండ్లు ఎన్నియో కలవు. నూరు గ్రాముల బియ్యములో మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు మాత్రమే. నూరు గ్రాముల శనగపప్పులో ఇరువది గ్రాములకు పైగా నుండును. ఇనుము కూడ సుమారు 6 మిల్లీగ్రాములు కలదు. పొట్టుతోనున్న శనగలలో పీచు పప్పులోకంటె ఎక్కువ. అందుచే ఆకలి త్వరగా కాదు. రక్తములో చక్కెర ఒక్కసారిగా పెరగదు. మధుమేహము పల్లెలకును ప్రాకిన ఈ దినములలో ఇది చిన్న విషయము కాదు.

మరియొక మర్మము గమనింపుడు. బియ్యము, జొన్నలలో కొరవడిన లైసిన్ అను పదార్థము శనగలో సమృద్ధిగా కలదు. శనగలో కొరవడిన మిథియొనిన్ ధాన్యములలో లభించును. రెండును కలిపి తినినప్పుడు ఒకదాని లోటును మరియొకటి తీర్చును. జొన్న తరువాత శనగ వేసి నేలను కాపాడుకొను రైతునకు ఈ సంగతి వింతగా తోచదు.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు స్త్రీలలో నూటికి 57 మందికి, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. శనగ ఒక్కటియే దీనిని మాన్పునని నేననను. వైద్యులిచ్చు ఇనుము మాత్రలకు శనగలు బదులు కావు. కాని నలుబది క్వింటాళ్ళ పప్పుధాన్యమును లారీకెత్తిన ఇంటిలో తల్లియు బిడ్డయు పాలిపోయి యుండుట మనకు తగునా?

ఎంత ఉంచుకొనవలెను?

లెక్క సులభము. మనిషికి దినమునకు 30 గ్రాములు, అనగా ఒక గుప్పెడు. ఐదుగురున్న ఇంటికి దినమునకు 150 గ్రాములు, ఏడాదికి సుమారు 55 కిలోలు. ఇది ఒక బస్తా మాత్రమే. ఎకరమునకు ఆరు క్వింటాళ్ళు పండినచో, ఒక్క ఎకరపు పంటలో పదవ వంతునకు లోపుగనే. తక్కిన పప్పు కంది, పెసర, మినుములనుండి రావచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన సూచనలలో పప్పులు, గ్రుడ్లు, మాంసము కలిపి దినమునకు 85 గ్రాములు ఉండవలెనని చెప్పిరి. మన గుప్పెడు శనగలు అందులో మూడవ వంతు మాత్రమే.

"శనగలు వాతము, కడుపుబ్బరము" అని పెద్దలు అందురు. ఆ మాటలో కొంత నిజము కలదు. కాని అది శనగ తప్పుకంటె వండు విధానపు తప్పు. రాత్రి నానబోసి, ఉదయము ఆ నీరు పారబోసి, మంచినీటిలో మెత్తగా ఉడికించినచో బాధ చాలావరకు తగ్గును. మొదట కొద్దిగా మొదలుపెట్టి క్రమముగా పెంచవలెను. త్వరగా ఉడుకునని వంటసోడా వేయకుడు. దానిచే బి విటమిను నశించును. నానిన నీరు పారబోయవచ్చును గాని ఉడికిన నీరు పారబోయరాదు. ఆ కట్టుతో చారు కాచుకొనవలెను.

గుగ్గిళ్ళు దసరాకు మాత్రమే కానక్కరలేదు. ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు వేసి, దింపిన తరువాత నిమ్మకాయ పిండినచో రుచియు కలుగును, అందులోని ఇనుమును శరీరము బాగుగా గ్రహించును. తినిన వెంటనే టీ త్రాగినచో ఆ లాభము తగ్గును. సొరకాయ, బీరకాయ కూరలలో గుప్పెడు శనగపప్పు వేయుడు. జొన్నపిండిలో నాలుగవ వంతు శనగపిండి కలిపి రొట్టె చేయుడు. నానిన గింజలను తడిగుడ్డలో మూటకట్టినచో ఒకటి రెండు దినములలో మొలకలు వచ్చును; వానిలో సి విటమిను పెరుగును. వానిని ఆవిరిపై ఉడికించి తినుట మేలు. పసిపిల్లలకు గట్టి వేయించిన శనగలు పెట్టరాదు, గొంతుకు అడ్డుపడవచ్చును. మెత్తగా ఉడికించి మెదిపి పెట్టవలెను.

పైరు లేతగా నున్నప్పుడు చివుళ్ళు గిల్లినచో కొమ్మలు బాగుగా వచ్చును. ఆ చివుళ్ళు ఇంటికి ఆకుకూర. అయితే మందు చల్లిన చేనిలో గిల్లిన ఆకు తినరాదు.

ఏడాది పొడుగున నిలువ యుండునా?

ఉండును. గింజ పంటి క్రింద పటుక్కుమనువరకు ఎండబెట్టవలెను. తేమ నూటికి పదికి మించరాదు. తడి లేని డబ్బాలో పోసి, కిలోకు 5 మిల్లీలీటర్ల వంతున వంటనూనె పట్టించి మూత బిగించినచో పుచ్చు పురుగు తగ్గును. సగము గింజలను ముందే పప్పు విరిపించి పెట్టుకొనుట మరింత సులువు. పప్పునకు ఈ పురుగు అంతగా పట్టదు. మనుష్యులు నిద్రించు ఇంటిలో విషవాయువు బిళ్ళలు పెట్టుట ప్రాణాంతకము. విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలను ఎట్టి పరిస్థితిలోను తినరాదు. వానిని వేరుగా, గుర్తు పెట్టి ఉంచుడు.

గ్రామములలో పనిచేయు తోటి ఉద్యోగులకు నాదొక మనవి. క్షేత్ర దినోత్సవములు జరుపునప్పుడు బిస్కట్లు, టీలతో సరిపెట్టక, ఆ చేని శనగలనే ఉడికించి అందరికిని పంచుడు. ఆ దినమున ఇంటి ఆడవారిని కూడ పిలువుడు. ఎకరమునకు ఎన్ని క్వింటాళ్ళు పండినవని వ్రాసికొను పుస్తకములోనే, ఇంటికి ఎన్ని కిలోలు ఉంచుకొన్నారో కూడ వ్రాసికొనుడు. నేను ఈ సంవత్సరమునుండి అట్లే చేయ నిశ్చయించుకొన్నాను.

సోదరులారా, రాబోవు కళ్ళములో మొదటి బస్తాను కాటాపై పెట్టకుడు. దానిని ప్రక్కకు జరిపి ఇంటికి పంపి, ఆ తరువాతనే బేరగానితో ధర మాటలాడుడు.