అమ్ములపొదికో ఆటోనగర్

ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేస్తే, పాశుపతాస్త్రం ఇవ్వడానికి సాక్షాత్తూ శివుడే కిరాతవేషంలో దిగివచ్చాడని మా బెజవాడవాళ్ళం చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం. మా మేనకోడలికి రెండు నాక్‌లు ఇవ్వడానికి మాత్రం ఆ రోజు ఏ దేవుడూ దిగిరాలేదు.

నాక్ అంటే బాణం తోకకు తొడిగే, వేలిగోరంత ప్లాస్టిక్ ముక్క. దాని చీలికలో వింటినారి ఇముడుతుంది. పోటీ రోజు పొద్దున సాధన చేస్తుండగా పిల్ల బాణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దిగాయి. గురి కుదిరిందని సంతోషించేలోపే చూస్తే రెండు నాక్‌లు పగిలి ఉన్నాయి. బాగా వేసినందుకు శిక్షన్నమాట! పక్కనే సంఘంవారి దుకాణం ఉంది (పేరెందుకు లెండి). టీషర్టులున్నాయి, టోపీలున్నాయి, బహుమతి కప్పులున్నాయి, తాళం వేసిన గాజు బీరువాలో ఓ విదేశీ విల్లు కూడా ఉంది. నాక్‌లు లేవు. "తెప్పిస్తామండీ, అయిదారు రోజులు పడుతుంది" అన్నాడు కొట్టబ్బాయి. పోటీ ఇంకో అరగంటలో ఉంది. "ఇప్పుడెలా మామయ్యా?" అంటూ పిల్ల నా ముఖంలోకి చూసింది. చివరికి ఒక పెద్దమ్మాయి తన సంచిలోంచి రేకుడబ్బా తీసి, సరిపోయేవి రెండు ఏరి ఇచ్చింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

ఆ రేకుడబ్బాయే అసలు దుకాణమనీ, గాజు బీరువా ఉత్త అలంకారమనీ నాకప్పుడు అనిపించింది. ఈ నాలుగు మాటలూ అందుకే.

విలువిద్యలో మా ఊరు ఆషామాషీ ఊరు కాదు. చెరుకూరి సత్యనారాయణగారు కూతురు పేరిట ఓల్గా అకాడమీ పెట్టింది ఇక్కడే. ఆయన కుమారుడు, శిక్షకుడు లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోయినా ఆ సాధన ఆగలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ మా ఊరి పిల్లే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకిత భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు విభాగంలో నాలుగో స్థానందాకా వెళ్ళిన బొమ్మదేవర ధీరజ్‌దీ ఈ ఊరే. 2028 లాస్ ఏంజిలస్ క్రీడల్లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని కూడా చేర్చారు కనుక, విల్లు పట్టే పిల్లలు ఇంకా పెరుగుతారు. వాళ్ళలో ఎందరు నిలుస్తారన్నది ప్రతిభ ఒక్కటే తేల్చే విషయం కాదు. ఇంట్లో ఖర్చుకు తట్టుకోగలిగే రోజులెన్ని అన్నది కూడా తేలుస్తుంది.

ఇలాంటి మైదానంలో దుకాణం ఎలా ఉండాలి? బీసెంట్ రోడ్డు షోరూములా కాదు, ఆటోనగర్ కొట్టులా ఉండాలని నా మాట. ఆటోనగర్లో లారీ యజమాని ఒక్క బోల్టు అడిగినా కొట్టువాడు చిన్నబుచ్చడు. బండి పాతదైందని కొత్త బండి అంటగట్టడు. పాతదాన్ని మళ్ళీ రోడ్డెక్కించడమే అక్కడి వ్యాపారం.

కాబట్టి మొదటి అర అరిగిపోయేవాటికి, విరిగిపోయేవాటికి. నాక్‌లు, మొనలు, బాణపు ఈకలు (పేరుకు ఈకలేగాని ఇప్పుడు చాలావరకు ప్లాస్టిక్ రేకులే), వాటిని అంటించే జిగురు, నారికి చుట్టే దారం, నారికి రాసే మైనం, వేర్వేరు పొడవుల్లో కట్టి ఉంచిన నారులు. ఇవన్నీ విడిగా, ఒక్కొక్కటిగా అమ్మాలి. నాలుగు నాక్‌లు కావలసినవాడి చేత పెద్ద పొట్లం కొనిపించడం న్యాయం కాదు. ఇంకో మాట. అన్ని నాక్‌లూ అన్ని బాణాలకూ పట్టవు. పట్టినా నారి మందానికి సరిపోవాలి. మరీ వదులైతే బాణం జారిపోతుంది, మరీ బిగువైతే సరిగా విడవదు. అందుకని కొట్లో ఒక బల్ల, దాని మీద పనిముట్లు, చూసి చెప్పగల మనిషి ఒకరు ఉండాలి.

రెండో అర చేతులకు. రికర్వ్ విల్లును లాగేది చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళతో. ఆ మూడింటికీ అడ్డుగా ఉండే తోలుముక్క, ఫింగర్ ట్యాబ్, పిల్లల చేతికి సరిపోయే కొలతల్లో ఉండాలి. ఎడమచేతివాటం వాళ్ళకూ ఉండాలి. మా పిల్లది ఎడమచేతివాటమే. ఏ కొట్టుకు వెళ్ళినా "కుడిదే ఉందండీ, అలవాటు చేసుకుంటుంది లెండి" అంటారు. చేయి అలవాటు చేసుకోవాలా, దుకాణం అలవాటు చేసుకోవాలా?

మూడోది అమ్మకం కాదు, అద్దె. రికర్వ్ విల్లుకు నడుమ పట్టుకునే రైజర్ ఒకటి, పైనా కిందా తగిలించే లింబ్స్ రెండు. ఎదిగే పిల్లకు బలం పెరిగేకొద్దీ లింబ్స్ మార్చాలి, రైజర్ మార్చనక్కరలేదు. మార్చిన ప్రతిసారీ కొనమంటే ఏ మధ్యతరగతి తండ్రికైనా కష్టమే. పేరున్న సరుకు చాలావరకు అమెరికా నుంచో కొరియా నుంచో రావాలి. సంఘం లింబ్స్ కొని అద్దెకివ్వాలి. వదిలేసినవాటిని తనిఖీ చేసి తిరిగి తీసుకోవాలి.

అమ్మకూడనివి కూడా ఉన్నాయి. విల్లు బరువు, బాణం పొడవు అడగకుండా బాణాలు అమ్మకూడదు. బిరుసు కుదరని బాణం ఎంత ఖరీదైనదైనా గురి మీద నిలకడగా దిగదు. వాడిన కార్బన్ బాణాలను వంచి పరీక్షించకుండా ఎవరి చేతికీ ఇవ్వకూడదు. సన్నని పగులు ఉంటే వదిలేటప్పుడు అది చేతిలోనే చీలి గుచ్చుకునే ప్రమాదం ఉంది. ఇక కొండపల్లి అర్జునుడి బొమ్మలు కొండపల్లిలోనే బావుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఏకలవ్యుడి కథలో నన్ను బాధించేది బొటనవేలు తెగడం ఒక్కటే కాదు, గురువు అడిగితే కాదనలేకపోవడం. ఈనాటికీ కోచ్‌గారు "ఇది కొనండి" అంటే ఏ తల్లీ తండ్రీ కాదనలేరు. పిల్ల భవిష్యత్తు ఆయన చేతిలో ఉందన్న భయం. అందుకే కోచ్‌కు దుకాణం లాభంలో వాటా ఉండకూడదు. ఆయన కొలత రాసివ్వాలి, కంపెనీ పేరు కాదు. ధరలు గోడమీద అందరికీ కనబడేలా రాసి ఉండాలి. అప్పు పెట్టి అమ్మితే ఆ సంగతి పిల్ల ముందు ఎత్తకూడదు.

ఇదంతా నడిచేదేనా అంటారు. చిల్లర సరుకులో లాభం తక్కువ, పెట్టుబడి ఇరుక్కుపోతుంది, ఎడమచేతివాటం సరుకు నెలల తరబడి కదలదు. నిజమే. కానీ సంఘానికి దుకాణం ఆదాయమార్గమా, ఆటలో భాగమా అన్నది ముందు తేల్చుకోవాలి. టీషర్టుల మీద వచ్చిన లాభంతో నాక్‌ల నష్టం పూడ్చుకోవచ్చు. నాక్ లేక ఆగిపోయిన పిల్లను ఏ టీషర్టుతోనూ పూడ్చలేం.

ఆ పోటీలో మా పిల్ల గెలవలేదు. తిరిగి వస్తూ దారిలో ఒక చిన్న రేకుడబ్బా కొనిపెట్టమంది. ఇప్పుడందులో తన కొలత నాక్‌లతోబాటు, తనకు పనికిరానివి కూడా నాలుగైదు రకాలున్నాయి. ఎందుకే అనడిగితే, "ఎవరికైనా కావాలంటేనో, మామయ్యా" అంది. సంఘాల పెద్దలకు ఈ పాటి తోచకపోతుందా?