ముట్టుకోకుండా వదిలిన గది

గురువాయూరు నుంచి తిరిగొస్తూ కొడుంగల్లూరులో ఆగినాం. సముద్రం దగ్గరే. మిరియాల కోసం రోమన్ ఓడలొచ్చిన ముజిరిస్ రేవు ఆ చుట్టుపక్కలే ఉండేదంట. అక్కడి చేరమాన్ జుమా మసీదు క్రీ.శ. 629లో కట్టిందని ఊరివాళ్ల నమ్మకం. చరిత్రకారులందరూ ఒప్పుకోరు, నాకా లెక్కతో పనీ లేదు.

నేను నిలబడిపోయింది దాని పెంకుల కప్పు చూసి. ఒకప్పుడు జనానికి చోటు చాలక ముందుభాగం పడగొట్టి, కాంక్రీటుతో పెంచి గుమ్మటాలు, మినార్లు పెట్టినారు. లోపలి పాతగది జోలికి మాత్రం పోలేదు. ఈమధ్య ఆ కాంక్రీటు తీసేసి మళ్లీ పాత కేరళ ఇంటి రూపానికే తెచ్చినారు. నమాజుకు కావాల్సిన చోటు నేల కింద చేసుకున్నారు. అక్కడి దీపానికి ఏ మతం వాళ్లైనా నూనె ఇస్తారని తెలిసి మా అత్త అంగడి వెతుక్కుంటా పోయింది.

కార్వేటినగరంలో మా పెంకుటిల్లు కూల్చి రెండు పోర్షన్లు వేయాలని మా ఆయన పట్టు. నిన్నటిదాకా నేనూ ఆయన పక్షమే. వానొస్తే బకెట్లు పెట్టేది నేనే కదా! ఇల్లు పెంచుకోవడం తప్పని ఇప్పుడూ అనను. దేన్ని ముట్టుకోకూడదో తేల్చుకోకుండా గునపం పట్టడమే తప్పంటాను. మా అత్త కాపురానికొచ్చిన నడిమిల్లు, ఆ నాలుగు స్తంభాలు ఉంచి, పెరట్లో కట్టుకుందామన్నాను.

మేస్త్రీ రెండు లెక్కలూ రాసిచ్చినాడు. చెదపట్టిన దూలాలు మార్చాలి కాబట్టి నాదే ఎక్కువ ఖర్చు. ఆ కాగితం ఫ్రిజ్ మీదుంది. మా ఆయన ఇంకా తీసి చూడలేదు.