మంచు కింద ట్రౌట్, మబ్బు కింద బొచ్చె

చలికాలం వస్తే చాలు, ఆ రీల్స్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. గడ్డకట్టిపోయిన చిన్న చెరువు. మందపాటి జాకెట్ వేసుకున్న ఒకాయన పెద్ద డ్రిల్లు లాంటి దానితో మంచుకి కన్నం పెడతాడు. పక్కనే కుర్చీ వేసుకుని, మూరెడు కర్రతో గాలం కిందికి వదులుతాడు. కాసేపటికి ఆ కన్నంలోంచి రెండు మూడు కిలోల ట్రౌట్ తల బయటపెడుతుంది.

అంత చిన్న చెరువులోకి అంత పెద్ద చేప ఎక్కణ్నుంచి వచ్చింది? ఎవరో తెచ్చి వదిలారు, అంతే. అమెరికాలో చాలా రాష్ట్రాల మత్స్యశాఖలు హేచరీల్లో పెంచిన ట్రౌట్‌ని ఇలాంటి చెరువుల్లో వదులుతాయి. గుడ్ల కోసం కొన్నేళ్లు పెంచిన పెద్ద చేపల్ని కూడా, వాటితో పని అయిపోయాక, కొన్నిచోట్ల ఇలాగే వదిలేస్తారు. లైసెన్సు ఉన్నవాళ్లు వెళ్లి పట్టుకోవచ్చు.

అంటే అదీ పెంపకం చేపే. పెంపకం చేప మనకేమైనా కొత్తా? మాది తాడేపల్లిగూడెం. ఆకివీడు, కైకలూరు మీదుగా కొల్లేరు వైపు బండేసుకుని వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. కాకపోతే మా దగ్గర చేపకి ఐసు తగిలేది పట్టుబడి అయ్యాకే. ప్లాస్టిక్ ట్రేలలో ఐసు కొట్టి సర్దితే, లారీ ఎక్కి కోల్‌కతా దాకా పోతుంది.

అయినా ఆ మంచు చెరువుకీ మన చెరువుకీ ఒకే లెక్క నడుస్తుంది. ఆ లెక్క పేరు ఆక్సిజన్.

నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. అందుకే చలికి ఆ నీళ్లు అడుక్కి దిగి, ఐసు పైన తేలుతుంది. చెరువు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి కింద చేప బతుకుతుంది. పైగా చల్లటి నీళ్లు ఆక్సిజన్‌ని బాగా పట్టి ఉంచుతాయి. సున్నా డిగ్రీల దగ్గర లీటరుకి 14 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. అదే మన 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నర దాటడం కష్టం.

మరి ఇబ్బంది ఎక్కడ? ఐసు అంటే తలుపు వేసేసినట్టే. గాలి లోపలికి వెళ్లదు. ఐసు మీద మంచు దట్టంగా పేరుకుంటే ఎండ కూడా దిగదు. ఎండ లేకపోతే నీళ్లలో నాచు ఆక్సిజన్ తయారుచేయదు. అడుగున కుళ్లే చెత్త మాత్రం ఉన్నదాన్ని తినేస్తూనే ఉంటుంది. చలికాలం చివరికి వచ్చేసరికి కొన్ని చెరువుల్లో చేపలన్నీ ఒక్కసారిగా చచ్చిపోతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఆ రోజుల్లో గాలాన్ని అడుగుదాకా వదలరు. ఊపిరి ఆడేది పైపొరలోనే కాబట్టి ట్రౌట్ ఐసుకి కొంచెం కిందే తిరుగుతుంటుంది.

ఇప్పుడు మంచు తీసేసి మబ్బు పెట్టండి. కొల్లేరు వచ్చేసింది.

మన చెరువులో పచ్చగా కనిపించే నీళ్లే పగలంతా ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి ఆ పచ్చదనమే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. చేపలూ పీలుస్తాయి, అడుగున బురదా పీలుస్తుంది. తెల్లారేసరికి నిల్వ అడుగంటుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పగలు జమయ్యేదే తక్కువ. లీటరుకి 5 మిల్లీగ్రాములు ఉంటే చేప హాయిగా ఉంటుంది. రెండు మూడుకి పడిపోతే పైకొచ్చి నోరు తెరుస్తుంది. మా వైపు దీన్ని ‘చేప తేలడం’ అంటారు. ఆ మాట అర్ధరాత్రి ఫోన్‌లో వినిపిస్తే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

మా బాబాయ్‌కి మంచు చేపల రీల్ చూపించాను. ఆయన చేపని చూడలేదు, కన్నాన్ని చూశాడు.

“ఏరా, ఆ ఐసు కింద గాలెలా ఆడుద్ది?”

“అక్కడా ఏరేటర్లు పెడతారు బాబాయ్, కొన్ని చెరువులకి.”

“అయితే వాళ్లకీ కరెంటు బిల్లు వాచిపోద్దన్నమాట!”

నిజమే. మిన్నెసోటా లాంటి చోట్ల చేపలు చావకుండా కొన్ని సరస్సుల్లో చలికాలమంతా ఏరేటర్లు నడుపుతారు. అక్కడ ఎంఎస్ చేస్తున్న ఫ్రెండ్స్‌కి ఒక మాట: ఏరేటర్ దగ్గర ఐసు పల్చబడుతుంది, అటు వెళ్లకండి. మనిషి నడవాలంటే గట్టి ఐసు కనీసం 4 అంగుళాలు ఉండాలి.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఆన్-కాల్ డ్యూటీ చేస్తాను. రాత్రి రెండింటికి అలర్ట్ వస్తే లేచి సర్వర్ రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. చెరువుకి రీస్టార్ట్ లేదు. కరెంటు పోయి, జనరేటర్ మొరాయిస్తే గంటల్లో ఏడాది పంట పోతుంది. సీడు, మేత, లీజు, అప్పు అన్నీ తెల్లారేసరికి తెల్లగా పొట్ట తిప్పి తేలతాయి. చిన్న కౌలు రైతుకి అది కోలుకోలేని దెబ్బ.

ఇదంతా చదివాక మీకూ గాలం వేయాలనిపిస్తే మంచిదే. బొచ్చె పైపొరలో, శీలావతి మధ్యలో, మోసు అడుగున మేస్తాయి. తవుడు, చెక్క కలిపిన మేత సంచులు కట్టిన కర్రల దగ్గరే చేప ఎక్కువ తిరుగుతుంది. కానీ ఆ చేపకి ఓనర్ ఉన్నాడు, అడిగి వేయండి. కొల్లేరు సరస్సులో అయితే 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది, అక్కడ అటవీ శాఖ నిబంధనలు తెలుసుకోకుండా దిగొద్దు.

ఇంకొకటి. తెల్లవారుజామున బైక్ మీద వెళ్తుంటే ఏదో చెరువులో వందల చేపలు నోళ్లు పైకెత్తి కనిపించొచ్చు. వ్యూస్ బాగానే వస్తాయి, కానీ ఫోన్ జేబులోనే ఉంచి గట్టు మీద కాపలా మనిషికి ఒక కేక వేయండి. ఆయన నిద్రపోతుండొచ్చు. ఏరేటర్ ఆగిపోయిందని ఆయనకి తెలిసేది మీ కేకతోనే కావచ్చు.