దిద్దని ఫొటో

ఆళ్లగడ్డలో అమ్మవారి విగ్రహం చెక్కే శిల్పి మెడ మీద గీతలు, పొట్ట మీద మడతలు పనిగట్టుకుని తీరుస్తాడు. మన శిల్ప సంప్రదాయంలో అవి అందానికి గుర్తులు. నంద్యాల పెళ్లి ఆల్బమ్‌లో ఫొటో దిద్దేటప్పుడు ముందు చెరిగిపోయేవి అవే, పుట్టుమచ్చతో సహా. పదో తరగతి సర్టిఫికెట్‌లో అమ్మాయిని గుర్తుపట్టడానికి రాయించిన మచ్చ అది! అలా దిద్దిన ప్రకటనలపై ఆ సంగతి ముద్రించాలని నార్వే 2022లో చట్టం అమలు చేసింది. మంచిదే, కానీ మన ఇళ్లల్లో గోడకెక్కే బొమ్మకు ఏ చట్టమూ అడ్డురాదు. అలాగని శిల్పాన్నీ కొలతగా ఒప్పుకోను, అదీ సన్నని నడుమునే పూజిస్తుంది. అందగత్తెవని ఓదారిస్తే ఆడపిల్లకు ఒరిగేదేమీ లేదు. తన ముఖాన్ని తనదిగా చూసుకునే అలవాటు కావాలి. ఆ అలవాటు దిద్దని ఫొటోతోనే వస్తుంది. ఫొటోగ్రాఫర్లూ, చెరిపేముందు ఆమెను అడగండి.